స్థూల అర్థశాస్త్ర ప్రథమ పాఠం: తెలుగు పరిభాష, బోధన - విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

డిగ్రీ స్థాయిలో స్థూల అర్థశాస్త్రాన్ని తొలిసారి చదివే తెలుగు విద్యార్థికి ఎదురయ్యే చిక్కులను సాధారణంగా గణితంపై భయానికో, భాషా మాధ్యమానికో ఆపాదిస్తుంటారు. ఈ వ్యాసం ఆ అభిప్రాయంతో విభేదిస్తుంది. పాఠ్యవచనంలో స్థిరపడిన కొన్ని పారిభాషిక పదాలకు విద్యార్థి రోజూ వాడే మాటలతో ఘర్షణ ఉంది. ఆ ఘర్షణను పాఠం పట్టించుకోకపోవడం, భారతీయ ఆర్థిక చింతనను 'పరిమితులు' అనే ఉపశీర్షిక కిందకు నెట్టడం అసలు లోపాలని ఇది ప్రతిపాదిస్తుంది. పెట్టుబడి, పొదుపు, గుణకం, ద్రవ్యోల్బణం, నిరుద్యోగం అనే భావనలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలక పదాలు: స్థూల అర్థశాస్త్రం, పరిభాష, గుణకం, పెట్టుబడి, ద్రవ్యోల్బణం, వి.కె.ఆర్.వి. రావు, బోధన.

1. ప్రవేశిక:

1936లో కీన్స్ 'జనరల్ థియరీ' వెలువడింది. మరుసటి ఏడాదే హిక్స్ ఆ గ్రంథ సారాన్ని రెండు రేఖలుగా కుదించాడు. 1948లో శామ్యూల్సన్ పాఠ్యగ్రంథం ఆ విషయాన్ని కళాశాల తరగతి గదికి తెచ్చింది. నేటికీ భారతీయ విశ్వవిద్యాలయాల్లో ఈ పాఠం నడిచే క్రమం దాదాపు అదే: జాతీయాదాయం, సంప్రదాయ ఉద్యోగితా సిద్ధాంతం, కీన్స్ సిద్ధాంతం, వినియోగ ఫలం, గుణకం, ద్రవ్యం, బ్యాంకింగ్, ద్రవ్యోల్బణం, వ్యాపార చక్రాలు. తెలుగులో ఈ విషయం ప్రవేశించేనాటికి ఆ చట్రం సిద్ధంగా ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నతవిద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు అందించే బాధ్యతను స్వీకరించింది. దానికి తొలి అధ్యక్షుడైన పి.వి. నరసింహారావే 1991లో విదేశీ చెల్లింపుల సంక్షోభాన్ని ప్రధానమంత్రిగా ఎదుర్కొనవలసి రావడం చరిత్రలో ఒక విశేషం. ఒక తరం అధ్యాపకులు అపారమైన శ్రమతో సంస్కృత ధాతువుల నుంచి పదాలను కల్పించి, ఒక శాస్త్రం మొత్తాన్ని తెలుగులో చెప్పగలమని నిరూపించారు. ఆ కృషిని తక్కువచేసి చూడడం అన్యాయం. కాని పదం కల్పించడంతో పని పూర్తయిందని తరువాతి తరాలు భావించాయి. చిక్కు అక్కడే మొదలైంది.

2021-22 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఆంగ్ల మాధ్యమంలోనే నడపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించిన తరువాత ఈ చర్చకు మరో కోణం చేరింది. తెలుగులో అర్థశాస్త్రం కష్టమన్న మాట ఒక విధానానికి సమర్థనగా మారింది. కష్టం ఎక్కడుందో పాఠంలోకి దిగి చూడకుండా ఆ మాటను ఒప్పుకోవడం గాని, తోసిపుచ్చడం గాని సాధ్యం కాదు.

2. 'స్థూల', 'నామమాత్ర', 'ద్రవ్య':

తొలిరోజు విద్యార్థి 'స్థూల' అనే పదాన్ని 'సూక్ష్మ' అనే పదానికి వ్యతిరేకంగా నేర్చుకుంటాడు. వ్యక్తి, సంస్థ సూక్ష్మం. దేశం మొత్తం స్థూలం. రెండో వారంలో 'స్థూల దేశీయోత్పత్తి' వస్తుంది. ఇక్కడి 'స్థూల' వేరు. దీనికి వ్యతిరేకపదం 'నికర'. యంత్రాల తరుగుదలను తీసివేయకముందు ఉన్న మొత్తం అని దీని భావం. ఆంగ్లంలో రెండు వేర్వేరు పదాలుండగా తెలుగులో రెండింటికీ ఒకే పదం స్థిరపడింది. జీడీపీ స్థూల అర్థశాస్త్రానికి చెందిన భావన కనుక దానికి ఆ పేరు వచ్చిందని విద్యార్థి ఊహించుకోవడం సహజం. ఆ ఊహ పరీక్షలో ఎక్కడా బయటపడదు. 'నికర దేశీయోత్పత్తి' దగ్గర మాత్రం అర్థం తెగిపోతుంది. అక్కడి నుంచి కంఠస్థం మొదలవుతుంది.

'నామమాత్ర' అన్న పదం దీనికంటే ప్రమాదకరం. ధరల మార్పును లెక్కలోకి తీసుకోని విలువకు పాఠ్యగ్రంథాలు వాడే విశేషణమిది. తెలుగువాడికి నామమాత్రం అంటే పేరుకు మాత్రమే ఉన్నది, అత్యల్పమైనది. నామమాత్రపు రుసుము, నామమాత్రపు జీతం అన్నవి అందరూ వాడే మాటలు. దినకూలి 500 రూపాయల నుంచి 550కి పెరిగింది, అదే కాలంలో ధరలు 12 శాతం పెరిగాయి అనుకుందాం. నామమాత్రపు వేతనం 10 శాతం పెరిగింది. పాత ధరల్లో దాని విలువ దాదాపు 491 రూపాయలే కనుక వాస్తవిక వేతనం తగ్గింది. భావన ఇంత సులువైనది. కాని 'నామమాత్రపు వేతనం పెరిగింది' అన్న వాక్యాన్ని 'కొద్దిపాటి జీతం కొంచెం పెరిగింది' అని చదివే విద్యార్థికి అది అందదు. 'చేతికొచ్చే కూలి', 'ఆ కూలితో కొనగలిగేది' అని ఒక్కసారి చెప్పి, ఆ తరువాత పారిభాషిక పదాన్ని పరిచయం చేస్తే చాలు. ఆ ఒక్క వాక్యం పాఠ్యవచనంలో సాధారణంగా కనిపించదు.

మూడో పదానికి పత్రికలు తోడయ్యాయి. 'ద్రవ్య విధానం' రిజర్వు బ్యాంకుది. ప్రభుత్వ ఆదాయ వ్యయాలకు సంబంధించినది 'కోశ విధానం'. పాఠ్యగ్రంథం ఈ భేదాన్ని జాగ్రత్తగానే పాటిస్తుంది. బడ్జెట్ నాడు వార్తాపత్రిక మాత్రం 'ద్రవ్యలోటు' అని రాస్తుంది. అది ప్రభుత్వ ఖాతాలోని లోటు, అంటే కోశ లోటు. రెండూ చదివిన బుద్ధిమంతుడైన విద్యార్థి ద్రవ్యలోటును రిజర్వు బ్యాంకు వద్ద డబ్బు తక్కువ కావడంగా అర్థం చేసుకుంటే తప్పు అతనిది కాదు. ఒకే భాషలో రెండు పరిభాషలు నడుస్తున్నప్పుడు వాటి మధ్య వంతెన కట్టవలసింది తరగతి గదే.

3. రైతు పెట్టుబడి, అర్థశాస్త్ర పెట్టుబడి:

ఇవి మాటల చిక్కులు. పెట్టుబడి విషయంలో మాట చిక్కు సిద్ధాంతపు చిక్కుగా మారుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2018 మే నెలలో రైతుబంధు పథకాన్ని ప్రారంభించింది. మొదట ఎకరాకు, ఒక్కో పంటకాలానికి 4,000 రూపాయలు. దాన్ని అధికారికంగానూ, జనం నోటనూ 'పెట్టుబడి సాయం' అన్నారు. అది తప్పు ప్రయోగమేమీ కాదు. విత్తనాలు, ఎరువులు, కూలీలు, దుక్కి ఖర్చు అన్నీ కలిపి తెలుగు రైతుకు పెట్టుబడే. 'ఈసారి పెట్టుబడి కూడా రాలేదు' అన్నప్పుడు ఆ మాటకు ఉన్న అర్థం అందరికీ తెలుసు. అయితే జాతీయాదాయ లెక్కల్లో విత్తనం, ఎరువు పెట్టుబడి కావు. అవి మధ్యంతర వినియోగం. ధాన్యం విలువలోంచి వాటిని తీసివేస్తేనే రైతు జోడించిన విలువ తేలుతుంది. ట్రాక్టరు కొనడం, బావి తవ్వించడం పెట్టుబడి. ఇక ప్రభుత్వం రైతు ఖాతాకు పంపిన నగదు దానికదే ఉత్పత్తి కాదు కనుక జీడీపీలో ప్రభుత్వ వినియోగ వ్యయం కిందకు రాదు. రైతు దాన్ని ఖర్చు చేసినప్పుడే డిమాండులోకి ప్రవేశిస్తుంది. అంటే 'పెట్టుబడి సాయం' అన్న ఒక్క పథకంలో పాఠంలోని మూడు నాలుగు అధ్యాయాలు ఇమిడి ఉన్నాయి. తరగతిలో సగంమంది ఇళ్లకు ఆ డబ్బు వచ్చి ఉండవచ్చు. ఆ ఉదాహరణను వదిలి, కర్మాగారంలో యంత్రం కొన్న వ్యవస్థాపకుడితో పాఠం మొదలుపెట్టడం వల్ల, తనకు బాగా తెలిసిన మాటనే విద్యార్థి కొత్త అర్థంలో, పాతదానితో తేడా తెలియకుండా వాడవలసి వస్తోంది. నగరంలో 'ప్లాటు మీద పెట్టుబడి' అనేవారికీ ఇదే సమస్య. ఉన్న స్థలం చేతులు మారితే కొత్త ఉత్పత్తి ఏదీ జరగలేదు.

ఆంగ్లంలో చదివితే ఈ చిక్కు ఉండదనుకోవడం భ్రమ. అక్కడ కూడా షేర్లు కొనడాన్ని వాడుక భాష పెట్టుబడి అనే అంటుంది; అర్థశాస్త్రం కాదంటుంది. అక్కడి మంచి పాఠ్యగ్రంథాలు ఆ తేడాను మొదటి పుటల్లోనే విడిగా హెచ్చరిస్తాయి.

పొదుపు సంగతి ఇంకా లోతైనది. 1990ల నుంచి తెలుగు గ్రామాల్లో మహిళల 'పొదుపు సంఘాలు' విస్తరించాయి. డ్వాక్రా పేరుతో మొదలైన ఆ ఉద్యమం పొదుపు అన్న మాటకు ఒక గౌరవాన్ని, క్రమశిక్షణను అద్దింది. ఆ సంఘ సభ్యురాలి బిడ్డే నేటి డిగ్రీ విద్యార్థి. అతనికి 'పొదుపు వైరుధ్యం' చెప్పాలి: అందరూ ఒకేసారి ఎక్కువ పొదుపు చేయబోతే మొత్తం ఆదాయమే తగ్గి, పొదుపు పెరగకపోవచ్చు. విద్యార్థి అనుభవం దీనికి ఎదురు తిరుగుతుంది. తన తల్లి పొదుపు మరో సభ్యురాలికి అప్పుగా వెళ్లి గేదె కొనడానికి పనికొచ్చింది కదా! ఇది మంచి ప్రశ్న. కీన్స్‌కు, ఆయనకు ముందటి సంప్రదాయవాదులకు మధ్య నడిచిన వాదం సరిగ్గా ఇదే. పొదుపు దానంతటదే పెట్టుబడిగా మారుతుందా?

సమాధానం నేతమగ్గం దగ్గర దొరుకుతుంది. ఒక ఏడాది జనం చీరలు కొనడం తగ్గించి డబ్బు దాచుకున్నారనుకుందాం. నేసిన చీరలు మాస్టర్ వీవర్ వద్ద అమ్ముడుపోక మిగిలాయి. జాతీయాదాయ లెక్కలో ఆ నిల్వల పెరుగుదల కూడా పెట్టుబడే; కనుక ఏడాది చివర పొదుపు, పెట్టుబడి సమానంగానే కనిపిస్తాయి. కాని అది ఎవరూ కోరుకున్న పెట్టుబడి కాదు. మరుసటి నెల నూలు రాదు, మగ్గం ఆగుతుంది, నేతగాడి ఆదాయం పడిపోతుంది, అతని పొదుపూ పోతుంది. సంఘంలో పొదుపు గేదెగా మారిందంటే అప్పు తీసుకోవడానికి ఒకరు సిద్ధంగా ఉన్నారు కనుకనే. అలాంటివారు లేనప్పుడు ఏమవుతుందన్నదే కీన్స్ ప్రశ్న. 'పొదుపు = పెట్టుబడి' అన్న సమీకరణాన్ని నల్లబల్లపై రాసి, అది లెక్కల సర్వసమీకరణమా, సమతౌల్య నియమమా చెప్పకుండా ముందుకు సాగే పాఠం ఈ వాదాన్నంతటినీ మింగేస్తోంది.

4. గుణకం - బండ్లపల్లి, వి.కె.ఆర్.వి. రావు:

గుణకం మీద పరీక్షలో ప్రశ్న రాని సంవత్సరం అరుదు. ఉపాంత వినియోగ ప్రవృత్తి 0.8 అయితే గుణకం 5. కోటి రూపాయల పెట్టుబడి ఐదు కోట్ల ఆదాయాన్ని సృష్టిస్తుంది. పట్టిక, పటం, చివర 'పరిమితులు'. ఆ పరిమితుల్లో ఒకటి రెండు పంక్తుల్లో ఆచార్య వి.కె.ఆర్.వి. రావు పేరు వస్తుంది: గుణకం అభివృద్ధి చెందని దేశాలకు వర్తించదన్నాడని.

ఈ ఒక్క వాక్యం రావు వాదానికి చేసిన అపచారం తక్కువ కాదు. కేంబ్రిడ్జ్‌లో చదివి, భారత జాతీయాదాయాన్ని శాస్త్రీయంగా అంచనా వేసిన తొలివారిలో ఒకడైన రావు 1952లో రాసిన వ్యాసం గుణకాన్ని తోసిపుచ్చేది కాదు. అది పనిచేయడానికి కావలసిన షరతులను పరిశీలించేది. కీన్స్ ఊహించిన ఆర్థిక వ్యవస్థలో పనికోసం ఎదురుచూసే కార్మికులు, ఖాళీగా ఉన్న యంత్రాలు, డిమాండు పెరిగితే వెంటనే పెరగగల సరఫరా ఉన్నాయి. నాటి భారతదేశంలో వ్యవసాయ కుటుంబం తానే యజమాని, తానే కూలీ, నిరుద్యోగం ప్రచ్ఛన్నం, ఆదాయం పెరిగితే మొదట పెరిగేది తిండిపై ఖర్చు, తిండిగింజల సరఫరా మాత్రం తర్వాతి పంట వరకూ పెరగదు. కనుక గుణకం ద్రవ్యరూప ఆదాయాన్ని, ధరలను పెంచుతుంది గాని ఉత్పత్తిని, ఉపాధిని ఆ మేరకు పెంచదు. ఇది పరిమితి కాదు, భారతీయ పాఠానికి మొదటి పేజీ.

అలాగని రావు వాదాన్ని నేటికి యథాతథంగా అప్పగించడం కూడా సరికాదు. 1952 నాటి తిండికొరత స్థానంలో ప్రభుత్వ గిడ్డంగుల్లో భారీ నిల్వలున్న కాలం వచ్చింది. పరిశ్రమల్లో సామర్థ్యం ఖాళీగా ఉండే సంవత్సరాలున్నాయి. ఏ షరతు మారింది, ఏది మారలేదు అన్న ప్రశ్న వేసినప్పుడే సిద్ధాంతం విద్యార్థి చేతి పనిముట్టవుతుంది.

దీనికి తెలుగునేల మీదే ఒక చోటుంది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం అమలు 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అలాంటి ఒక గ్రామంలోకి కూలి రూపంలో వెయ్యి రూపాయలు వచ్చాయనుకుందాం. అందులో 800 ఖర్చవుతాయి. పాఠ్యగ్రంథ గుణకం ప్రకారం చివరికి ఐదు వేల ఆదాయం ఏర్పడాలి. కాని సబ్బు, నూనె, ఫోన్ రీఛార్జి గ్రామంలో తయారు కావు. ఖర్చుచేసిన ప్రతి రూపాయిలో పావలా మాత్రమే ఊళ్లో మరొకరి ఆదాయమైతే, ఊరి గుణకం 5 కాదు, 1.25. మిగిలిన డబ్బు మాయం కాలేదు. పట్టణంలో, మరో రాష్ట్రంలో ఎవరికో ఆదాయమైంది. ఈ అంకెలు ఊహించినవే. అయినా దిగుమతుల లీకేజీ అన్న భావన, ఊరికి, జిల్లాకు, దేశానికి గుణకం ఎందుకు వేర్వేరుగా ఉంటుందన్న వివేచన ఇలాంటి ఒక లెక్కలోనే దొరుకుతాయి. కిరాణా కొట్టు లెక్కల పుస్తకం చూసి రమ్మని విద్యార్థిని పంపడానికి ఏ సిలబస్సూ అడ్డుపడదు.

5. ధరలు, వాటి వేగం:

'ద్రవ్యోల్బణం' అన్న పదంలోనే ఒక సిద్ధాంతం దాగి ఉంది. ఉల్బణమంటే మితిమీరడం, ద్రవ్యం మితిమీరడమే ఈ పదానికి అక్షరార్థం. సాధారణ ధరల స్థాయి పెరుగుతూ పోవడాన్ని సూచించవలసిన పేరు దాని కారణాలలో ఒకదాన్ని ముందే తీర్పుగా చెప్పేస్తోంది. ద్రవ్యరాశి సిద్ధాంతాన్ని సమర్థించేవారికి అభ్యంతరం ఉండకపోవచ్చు. వ్యయ ప్రేరిత ద్రవ్యోల్బణం అన్న ఉపశీర్షిక వచ్చేసరికి మాత్రం పేరుకు, విషయానికి పొంతన కుదరదు.

2023 జూలై ఇందుకు చక్కని పాఠం. టమాటా ధర ఆకాశాన్నంటింది. మదనపల్లె మార్కెట్ దేశమంతటా వార్తయింది. ఆ నెల వినియోగదారుల ధరల ఆధారిత ద్రవ్యోల్బణం 7.44 శాతం. సెప్టెంబరు నాటికి 5.02 శాతానికి దిగింది. ఆ మధ్యకాలంలో రిజర్వు బ్యాంకు రెపో రేటు 6.5 శాతం దగ్గరే కదలకుండా ఉంది. కొత్త పంట వచ్చింది, ధర దిగింది. 2012 ఆధార సంవత్సరంగా రూపొందిన ఆ సూచీలో ఆహార, పానీయాల వాటా దాదాపు 46 శాతం కనుక ఒక కూరగాయ దేశపు అంకెను కదిలించగలిగింది. 2016 చట్ట సవరణ తరువాత 4 శాతం లక్ష్యాన్ని, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటుతో నిలబెట్టవలసిన బాధ్యత ద్రవ్య విధానానిది. వడ్డీరేటుతో టమాటా పండదన్నది ఎవరికైనా తెలుసు. మరి ఆహార ధరలు పెరిగితే ద్రవ్య విధానం ఎప్పుడు స్పందించాలి, ఎప్పుడు ఓపిక పట్టాలి? తాత్కాలికమైన ధర జనం అంచనాల్లోకి, కూలి బేరాల్లోకి పాకితే ఏమవుతుంది? ఇవి తరగతిలో అడగవలసిన ప్రశ్నలు. 'ద్రవ్యోల్బణం - రకాలు, కారణాలు, నివారణ చర్యలు' అన్న మూసలో వీటికి చోటు లేదు.

అంతకంటే ప్రాథమికమైన పొరపాటు మరొకటి. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని అత్యధికులు అర్థం చేసుకుంటారు. సూచీ మొదటి ఏడాది 100, రెండో ఏడాది 110, మూడో ఏడాది 115.5 అనుకుంటే ద్రవ్యోల్బణం 10 నుంచి 5 శాతానికి తగ్గింది. ధరలు పెరుగుతూనే ఉన్నాయి. బస్సు వేగం తగ్గినా ముందుకే వెళ్తోంది. ఈ సంగతి తెలియని పట్టభద్రుడు ప్రభుత్వ ప్రకటనను అబద్ధమనుకుంటాడు, లేదా తన తల్లి మాటను అబద్ధమనుకుంటాడు. రెండూ నిజమే కావచ్చునని అతనికి ఎవరూ చెప్పలేదు.

బ్యాంకుల అధ్యాయం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వెయ్యి రూపాయల డిపాజిట్, పది శాతం నిల్వ, చివరికి పదివేల పరపతి అన్న లెక్క దశాబ్దాలుగా నడుస్తోంది. బ్యాంకు ముందు డిపాజిట్ తీసుకుని తరువాత అప్పివ్వదనీ, అప్పిచ్చినప్పుడే డిపాజిట్ పుడుతుందనీ 2014లో ఇంగ్లండు కేంద్ర బ్యాంకే తన త్రైమాసిక పత్రికలో వివరించింది. పొదుపు సంఘానికి దాని పొదుపుకు ఎన్నో రెట్లు బ్యాంకు రుణం ఎలా వస్తుందో ఆలోచించిన విద్యార్థికి ఈ విషయం అర్థం కావడం కష్టం కాదు. పాఠమే వెనకబడింది.

6. నిరుద్యోగి ఎవరు?:

2023-24 సంవత్సరానికి జాతీయ శ్రామిక శక్తి సర్వే 15 ఏళ్లు దాటినవారిలో, సాధారణ స్థితి ప్రమాణంలో, నిరుద్యోగ రేటు 3.2 శాతమని తేల్చింది. గ్రూప్స్ పరీక్షలకు శిక్షణ తీసుకుంటున్నవారితో కిక్కిరిసిన అద్దెగదిలో ఆ అంకెను చదివితే నవ్వు వస్తుంది. ఆ నవ్వును పాఠం గౌరవించాలి, ఆపై వివరించాలి. తెలుగులో ఉద్యోగమంటే నెల జీతం. ఆ జీతం లేనివాడు నిరుద్యోగి. సర్వే దృష్టిలో సెలవుల్లో తండ్రి పొలంలో జీతం లేకుండా పనిచేసే యువకుడు కుటుంబ వ్యాపకంలో సహాయకుడిగా, అంటే పనిలో ఉన్నవాడిగా లెక్కకు రావచ్చు. పనిచేయక, పని వెతక్క, పరీక్షకు మాత్రమే చదువుకునేవాడు శ్రామిక శక్తిలోనే లేనివాడు కావచ్చు. ఈ ఇద్దరూ తమను నిరుద్యోగులమనే చెప్పుకుంటారు. అదే సర్వే ప్రకారం పనిచేసేవారిలో 58 శాతానికి పైగా స్వయం ఉపాధిలో ఉన్నవారు. కీన్స్ వర్ణించిన అనిచ్ఛాపూర్వక నిరుద్యోగం కర్మాగారం గేటు దగ్గర నిలబడిన కార్మికుడిది. రావు 1952లో చెప్పిన కుటుంబ వ్యాపకం ఇక్కడ మళ్లీ ఎదురవుతోంది.

అంకె అబద్ధమని చెప్పడం అధ్యాపకుడికి సులువు. అంకెను కంఠస్థం చేయించడం మరీ సులువు. నిర్వచనం మారితే అంకె ఎలా మారుతుందో తరగతిలోని నలభై మంది ఇళ్లనే సర్వే చేయించి చూపడం కష్టం. దానికి రెండు పీరియడ్లు పడతాయి. 'సంప్రదాయ ఉద్యోగితా సిద్ధాంతాన్ని విమర్శనాత్మకంగా వివరించండి' అన్న ప్రశ్నకు అచ్చువేసిన జవాబు ఉన్నంతకాలం ఆ రెండు పీరియడ్లు ఎవరికీ దొరకవు. ఇక్కడ అధ్యాపకుణ్ణి ఒంటరిగా నిందించడం తగదు. సెమిస్టరు నిడివి, ఖాళీ పోస్టులు, మూల్యాంకన పద్ధతి అతని చేతిలో లేవు. ప్రశ్నపత్రంలోని ఒక్క ప్రశ్న మాత్రం పాఠ్య మండలి చేతిలో ఉంది.

అలాంటి ప్రశ్న ఇలా ఉండవచ్చు: 'ఒక రైతుకు పెట్టుబడి సాయంగా 8,000 రూపాయలు అందాయి. అందులో 3,000తో ఎరువు, 2,000తో బియ్యం, పప్పులు కొన్నాడు. 3,000 పాత అప్పు తీర్చాడు. ఈ సొమ్ములో ఏ భాగం జాతీయాదాయ లెక్కలో పెట్టుబడి? ఏ భాగం వినియోగం? ఏ భాగం రెండూ కాదు? అప్పు తీర్చిన 3,000 తరువాత ఏమైతే గుణకం పెరుగుతుంది?' మొదటి భాగానికి జవాబు 'ఏదీ కాదు' అని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు. ఎరువును పెట్టుబడి అని రాసి, అది తన ఊరి లెక్క, పుస్తకం లెక్క వేరు అని తేడా వివరించిన విద్యార్థికీ పూర్తి మార్కులే పడాలి.